పసుపు మూతుల ఎలుకలు

మిత్సుయో జపానులోని హమామత్సు నగరంలో ఒక పరిశోధనశాలలో ఎలుకల సంరక్షకురాలు. వంటలో వాడే కుచినాషి కాయల పసుపురంగును ఏళ్ళ తరబడి తింటే క్యాన్సరు వస్తుందా అని అక్కడ రెండేళ్ళు పరీక్షించారు. సగం ఎలుకలకు రంగు కలిపిన మేత, సగానికి మామూలు మేత. మిత్సుయో వాటిని వారం వారం తూచి పుస్తకంలో రాసేది. రంగు తిన్నవాటి మూతులు క్రమంగా పసుపెక్కాయి. కిటికీ లేని ఆ గదిలో అవి లేత ఎండను పూసుకున్నట్లుండేవి.

అత్తగారు తోమె ఆ కాయలతోనే కొత్త సంవత్సరానికి చిలగడదుంప తీపిముద్దకు బంగారు వన్నె తెచ్చేది. మిత్సుయో కూతురికి అది ప్రాణం. అందుకే మిత్సుయో కాయల సీసాను దాచేసింది.

“ఏమ్మా, ఎలుకలు సరేనంటే తప్ప నన్ను వండనివ్వవా?”

“ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండత్తయ్యా.”

“ఎనభై నాలుగేళ్ళుగా తింటున్నాను. వాటికి బదులు నన్నే వారం వారం తూచుకోరాదూ?”

పరీక్ష మొదలైన ఇరవయ్యో నెలలో ఒక పసుపు మూతి ఎలుక పొట్ట కింద మిత్సుయో వేలికి గడ్డ తగిలింది. అది ఆమె అరచేతిలో కునుకుతూనే ఉంది. తగలనట్లే ఊరుకుందామని ఒక్క క్షణం అనిపించినా, పుస్తకంలో రాసింది.

మరుసటి శీతాకాలంలో ఫలితం తెలిసింది. ముసలితనంలో వచ్చే గడ్డలు మామూలు మేత తిన్నవాటిలోనూ అన్నే ఉన్నాయి. రంగు వాటిని పెంచలేదు.

మిత్సుయో సీసా దించి, కాయలు చిదిమి నీళ్ళలో వేసింది. పసుపు మంచుతెరలా విచ్చుకుంది.

“నీ ఎలుకలకు నా దండాలని చెప్పు,” అన్నది తోమె.

పరీక్ష చివర అన్నిటినీ చంపి కోసి చూశారని, వాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదని మిత్సుయో చెప్పలేదు. కూతురికి పెట్టకముందే వాటి పేర ఒక చెంచాడు ముద్దను చిన్న పళ్ళెంలో తీసి, కిటికీ దగ్గర ఎండలో ఉంచింది.