ముందు రాయి, తర్వాత ఇసక

రాయి గురించి ఎవరైనా సలహా చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. మాచర్లలో ముప్ఫై ఏళ్ళుగా నాపరాళ్ళ డిపో నడుపుతున్నాను. బండను వేలి కణుపులతో తట్టి, ఆ మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలను. అలాంటి నాకు, నరసరావుపేటలో రంగు చేపలు అమ్ముకునే ఒకావిడ రాయి ఎలా పెట్టాలో చెప్పి పంపింది.

చెప్పి పంపింది మా ఆవిడతో. ఆమె అక్కడి నుంచి పెద్ద గాజు తొట్టి, ఒక ఫ్లవర్‌హార్న్ చేప కొనుక్కొచ్చింది. నుదుటి మీద అంత బొడిపెతో, పంచాయతీ చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా ఉంటుంది ఆ చేప. ఇదంతా మా మనవరాలి కోసం. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే సాయంత్రం దాకా పాప మా దగ్గరే. తొమ్మిది నెలల పిల్ల, చేపను చూపిస్తే తప్ప ముద్ద మింగదు.

తొట్టి మరీ బోసిగా ఉందని డిపో నుంచి నేనే ఒక బండ ఎంచుకొచ్చాను. పొరలు పొరలుగా, నిలబెడితే చిన్న కొండలా ఉంది. పదిహేను కిలోలకు తక్కువుండదు. తొట్టిలో రెండంగుళాల మందాన ఇసక పోసి చదును చేస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడింది.

"ఏమయ్యో, అట్టా కాదంట. ముందు ఒట్టి అద్దం మీద థర్మాకోల్ ముక్క వేసి, దాని మీద రాయి పెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసక పొయ్యమంది ఆవిడ. ఈ చేప ఇసక తవ్వుద్దంట."

"రాయి పెట్టి ఇసక పోసేది ఏందే? ఇసక పరిచి రాయి పెట్టాలి. ఊళ్ళో సగం ఇళ్ళకి అట్టాగే పరిపించా. ఏ ఇంట్లో కుంగింది?"

ఆమె వంటింట్లోకి పోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని పెళ్ళయిన వారానికే ఆమెకు తెలిసిపోయింది. నేను బండను నిలబెట్టి, నెత్తిన రసమట్టం పెట్టి, అందులో బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా సర్దాను. ఆ తర్వాత నీళ్ళు నింపాం.

తొట్టి పెట్టింది పొట్టి బల్ల మీద. పాప పాక్కుంటూ పోయి, బల్ల అంచు పట్టుకుని లేచి, రెండు అరచేతులతో అద్దాన్ని చరిచేది. చేప ఎదురుగా వచ్చి నిలబడేది. ఇద్దరికీ అదొక ఆట.

రెండు వారాలు కాకముందే తొట్టి ముందు బియ్యం బస్తా ప్రత్యక్షమైంది. చేప కనపడటం లేదని తీసి పక్కన పెట్టాను. మర్నాడు ఇనప కుర్చీ అడ్డం వచ్చింది. "ఏమే, ఇల్లనుకున్నావా గోడౌననుకున్నావా?" అని కేకలేసి దాన్నీ తీశాను. ఆ రోజు నుంచి మా ఆవిడ పాపను చంక దింపలేదు. వంటైనా అంట్లైనా పిల్ల చంకలోనే. నడుం నొప్పి అంటూనే మోసేది. కింద వదిలితే కదా పిల్లకు నడక వచ్చేదని దానికీ సణిగాను.

కొడుకూ కోడలూ పెళ్ళికి వెళ్ళిన ఒక ఆదివారం ఉదయం మా ఆవిడ నడుం పట్టేసి, మందు రాసుకోవడానికి లోపలికి వెళుతూ పాపను నా ఒళ్ళో పెట్టింది. "కింద వదలబాక" అని మరీ చెప్పింది. రెండు నిమిషాలు ఆగి వదిలాను. పాప నేరుగా తొట్టి దగ్గరకు పోయి లేచి నిలబడింది. పడుతుందేమోనని నేనూ వెనకాలే వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఎప్పుడూ కుర్చీలోంచి చూసేవాణ్ణి. అప్పుడు మొదటిసారి నా కళ్ళు బండ ఎత్తుకు వచ్చాయి.

చేప బండ కింద నోటితో ఇసక తీసి పక్కన ఉమ్ముతోంది. బండ ముందు వైపు అడుగున పెద్ద గుంట పడింది. బండ ముందుకు వాలి, పైకొన అద్దానికి ఆనుకుని ఉంది. అద్దానికి అవతల ఆ కొన, ఇవతల మా పాప అరచెయ్యి.

పిల్లను లాక్కుని "ఏమే" అని మాత్రం అరవగలిగాను. మా ఆవిడ వచ్చి, పాపను తీసుకుపోయి గదిలో ఉయ్యాల్లో వేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నేను నీళ్ళు తోడెయ్యడానికి పైపు తెచ్చాను.

"నీళ్ళు తియ్యబాక. నీళ్ళల్లో ఉన్నంతసేపే బండ తేలిగ్గా ఉండేది. బావిలో బిందె ఎప్పుడన్నా తోడావా నువ్వు?"

ఎన్నడూ తోడలేదు. ఆమె చెప్పినట్టే నీళ్ళలోనే బండను రెండు చేతులా పట్టి మెల్లగా వెనక్కి వంచాను. సందు రాగానే ఆమె తువ్వాలు మడిచి అద్దానికీ బండకూ మధ్య దూర్చింది. ఇద్దరం కలిసి బండను పైకెత్తి నేల మీద పెట్టాం. వేలితో అద్దమంతా తడిమి చూశాను. గీత కూడా పడలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ తడి నేల మీదే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"వారం నుంచి చూస్తన్నా. మొదట బండకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేయి. తర్వాత రెండు."

"మరి చెప్పొద్దా?"

"రాయి గురించి నీకు చెప్పేదేంది? పిల్లని ఆపటమంటే నా చేతిలో ఉంది. నిన్ను ఆపటం ఎవరి వల్లవుద్ది?"

ఎత్తిపొడుపు కూడా కాదు, ఉన్నమాట అన్నట్టు అంది. బస్తా ఎందుకో, కుర్చీ ఎందుకో, నొప్పి నడుంతో పిల్లను ఎందుకు మోసిందో అప్పుడు తెలిసింది. అడ్డాలన్నీ తీసేసింది నేనే.

మధ్యాహ్నం ఆమె చెబుతుంటే నేను చేశాను. చేపను బకెట్లో వేసి, నీళ్ళూ ఇసకా అంతా తీసి, ఒట్టి అద్దం మీద థర్మాకోల్ ముక్క వేసి, బండను నిలబెట్టకుండా వెడల్పు వైపు కిందకు పడుకోబెట్టాను. నాలుగు వైపులా అద్దానికి జానెడు ఎడం ఉంచి, అప్పుడు ఇసక పోసి, నీళ్ళు నింపి చేపను వదిలాను. చేప సాయంత్రానికే తవ్వడం మొదలుపెట్టింది. ఎంత తవ్వినా బండ అడుగు గట్టి చోటే ఉంది, కదల్లేదు.

మర్నాడు పాప పాక్కుంటూ తొట్టి దగ్గరకు పోయింది. బల్ల అంచు పట్టుకుని లేచి, రెండు చేతులతో అద్దాన్ని చరిచింది. నేను బండ వంక చూడలేదు, మా ఆవిడ వంక చూశాను. గోంగూర ఒలుస్తూ కూర్చుంది, లేవలేదు.