తమ్ముడు పుట్టే ముందు నన్ను అవ్వ ఇంటికి పంపారు

మా చిన్నప్పుడు... బోధన్ బస్టాండులో మా మామ నన్ను ఎత్తి, కిటికీలోంచి బస్సులోకి దించాడు. సీటు కోసం అందరూ రుమాలు వేసేవాళ్ళు కదా, ఆ రోజు మామ రుమాలుకు బదులు నన్నే వేశాడు. సీటైతే దొరికింది.

అప్పుడు నాకు ఐదేళ్ళు. అమ్మకు నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో... మా దగ్గర అదే పద్ధతి. ఇంట్లో బాలింత, పసిగుడ్డు, వాళ్ళ మధ్యలో అల్లరి పిల్ల ఎందుకని నన్ను నవీపేట్ దగ్గర అమ్మమ్మ ఊరికి పంపారు. మేం ఆమెను అవ్వ అనేవాళ్ళం.

అవ్వ ఇల్లు ఎంత బాగుండేదో... ఉట్టి మీద పెరుగు దుత్త. పొద్దున్నే వేడి జొన్నరొట్టె మీద వెన్నపూస. పసుపు ఉడకబెట్టే చోట పొయ్యి ముందు కూర్చుంటే ఒళ్ళంతా ఆ వాసనే. మామ సైకిల్ ముందు కడ్డీ మీద ఊరంతా నాదే. పసుపు ఉడికే రోజుల్లో పోయి, మామిడికాయ పచ్చళ్ళు పెట్టేనాటికి తిరిగొచ్చాను. ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పానంటే మా ఆయనకు కంఠతా వచ్చేసింది.

ఇప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. ఇది రెండో కాన్పు. నిజామాబాద్‌లో రెండు గదుల ఇల్లు. పెద్దది మిన్నుకు ఐదో ఏడు నడుస్తోంది. పాత నూలు చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చించాలి, ఎల్లిపాయ కారం కొట్టాలి, అల్మారా సర్దాలి... వంగితే లేవలేను, లేస్తే వంగలేను. మిన్నేమో కాళ్ళకూ చేతులకూ అడ్డం.

మొన్న నేను మడతపెట్టిన పొత్తిగుడ్డలన్నీ తీసి బొమ్మకు పక్క వేసింది. విసుగులో ఒక్కటి వేశాను. ఏడ్చినా బాగుండేది. ఏడవకుండా గుడ్డలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ మడతపెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటోంది.

అందుకే అనుకున్నాను... కాన్పయ్యేదాకా దీన్ని బోధన్‌లో అమ్మ దగ్గర ఉంచితే నయమని. మిన్నుకు చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకుంటే, "సరే మమ్మీ" అంది అంతే. బ్యాగు ఇచ్చి బట్టలు పెట్టుకోమని, నేను అమ్మకు ఫోన్ చేశాను.

మిన్నును పంపుతానని చెప్పగానే అమ్మ వద్దంది.

"దాన్ని తోలకు బిడ్డా. నేనే వస్త."

"బాపుకు ఎవలు వండి పెడ్తరమ్మా? అయినా నేను అవ్వ తాన ఎంత మంచిగున్న, నీకు యాదికి లేదా?"

"బాపుకు చేతులున్నయి, వండుకుంటడు. నువ్వు పోయింది నీకు యాదికున్నది. వచ్చింది యాదికి లేదు."

అప్పుడు చెప్పింది. నేను ఏనాడూ వినని సంగతి.

"గడప బయటనే నిలబడ్డవు. లోపలికి రా అంటె గాని రాలే. తమ్ముడు నా ఒళ్ళె ఉండె. జర్రసేపు నన్నే సూసి, 'నేను నీళ్ళు తాగొచ్చా' అని అడిగినవ్. మన ఇంట్ల, మన కుండల నీళ్ళు... నన్నడిగినవ్ బిడ్డా. అటెన్క శాన దినాలు గట్లనే. తినమంటెనే తింటివి, పండమంటెనే పంటివి. పోరి మస్తు బుద్ధిమంతురాలైందని మీ నాయినమ్మ వాడంత చెప్పుకున్నది. నేను మాత్రం నువ్వు మళ్ల ఎప్పుడు అల్లరి జేస్తవా అని సూస్తుంటి."

నాకు ఇందులో ఒక్క ముక్క గుర్తులేదు. వెన్నపూస గుర్తుంది. మరి ఇన్నేళ్ళూ అవ్వ ఇంటి ముచ్చట అమ్మ ముందే ఎన్నిసార్లు చెప్పాను... నేను మొదలుపెట్టగానే అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. పనుందేమో అనుకునేదాన్ని.

"నువ్వేం జేస్తవమ్మా, అప్పుడు పచ్చి బాలింతవు" అన్నాను.

"గదంత నాకు తెల్వది. దాన్ని మాత్రం తోలకు" అని ఫోన్ పెట్టేసింది.

నేను మిన్ను బ్యాగు విప్పుదామని లేచాను. ఎత్తితే కదల్లేదు. గౌన్ల కింద, ఈ ఎండల్లో, చలికాలం స్వెటర్ ఉంది. దాని కింద మిన్ను అన్నం తినే స్టీలు పళ్ళెం, చిన్న దిండు, ఇరుకైపోయిన చెప్పులు, గోడ మీది నుంచి పీకిన బొమ్మల కాగితాలు.

"ఇవన్నీ ఎందుకే?" అని అడిగాను.

"చిన్న పాప వస్తది గద. జాగ కావాలె గద మమ్మీ" అంది, మామూలుగానే.

అల్మారా తెరిచి చూశాను. మిన్ను అరలో ఒక్క గుడ్డపేలిక లేదు. తడిబట్టతో తుడిచి పెట్టింది.

మిన్ను పక్కనే కింద కూర్చున్నాను. దగ్గరికి తీసుకుని ఏదేదో చెప్పాను. ఎక్కడికీ పంపనన్నాను. అమ్మమ్మే వస్తుందన్నాను. అది తలూపింది. నమ్మిందో లేదో తెలియదు.

మన చిన్నప్పుడు ఇంటినిండా మనుషులు... ఆ సందట్లో ఏ పిల్ల ముడుచుకుపోయినా కనిపించకపోవచ్చు. ఇప్పుడు ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అయినా నాకు కనిపించలేదు. అమ్మకు ఇన్నేళ్ళు లోపల దాచుకోవలసి వచ్చిన బాధనే నేను నా చేతులతో నా పిల్లకు కట్టి ఇవ్వబోయాను.

మీలో కూడా తమ్ముడో చెల్లెలో పుట్టేముందు ఎవరింటికో వెళ్ళొచ్చిన పెద్దపిల్లలు ఉండే ఉంటారు... వీలైతే తిరిగొచ్చిన రోజు సంగతి మీ అమ్మనడిగి ఇక్కడ రాయండి. నేను మిన్ను బట్టలన్నీ మళ్ళీ దాని అరలోనే పెట్టాను... కానీ అది రోజూ పొద్దున లేవగానే పోయి, ఆ అల్మారా తలుపు కొంచెం తెరిచి, చూసుకుని వస్తోంది.