పక్కన గుర్రమంత జాగా

మా పొరుగింటి మామ ప్రొద్దుటూరు బజార్లో నడిచేటప్పుడు కుడిపక్కన ఒక గుర్రం పట్టేంత జాగా వదిలేవాడు. కుడిచెయ్యి పగ్గం పట్టుకున్నట్టే పిడికిలి బిగించుకోని ఛాతీ ఎత్తున ఉండేది. ఆటోవాళ్లు ఎంత హారన్ కొట్టినా ఆ జాగా ఇచ్చేవాడు కాదు.

చాన్నాళ్లు బెంగుళూరు రేసుకోర్సులో ఆయన ఒక ఆడగుర్రాన్ని సాకినాడు. పెద్ద పెద్ద కప్పులు కొట్టిన గుర్రమది. ఆయనకు మాత్రం ‘మా బిడ్డ’. "ఆఖరి మలుపులో మా బిడ్డ చెవులు ఎనక్కి పెట్టిందంటే, ముందరుండే గుర్రాలన్నీ ఎద్దులైపోతాండె" అనేవాడు.

ఇంట్లో గోడనిండా దాని ఫోటోలే. అన్నింట్లోనూ పగ్గం సూటేసుకున్న ఓనరు చేతిలోనే ఉంది. మామ యాడా కనపడలేదు.

"గెలిస్తే ఓనరే పట్టుకోని తీసకరావల్ల. అది ఆడ మర్యాద. నేను పగ్గమిచ్చి పక్కకు జరుగుతాంటి."

"అయితే నీకు శానా గొప్పగా అనిపించిన రేసు ఏది మామా?"

"కడాన ఓడిపోయిన రేసు" అన్నాడు, తడుముకోకుండా.

నేను తమాషా అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ఆ పొద్దు ఓనరు గ్యాలరీలోంచి కిందికి దిగలేదప్పా. పగ్గం నా చేతిలోనే ఉండె. జనం తిడతాన్నా మా బిడ్డ తల దించలా. నేనూ దించలా. గెలిచినదాన్ని తెచ్చినట్టే అందరి ముందర నడిపించుకోని వస్తి."

ఆ సాయంత్రం ఇద్దరం టీ తాగేదానికి బజారుకు బయల్దేరినాం. వీధి మలుపు తిరిగేటప్పటికి నేను ఆయన ఎడమపక్కకు మారినాను.