స్టెల్లా అక్క చూసిన గోల్

నిన్న పొద్దున ఫోన్ ఎత్తగానే స్టెల్లా అక్క భర్త జోసెఫ్ అన్న గొంతు. "చెల్లె, మీ అక్క పోయింది" అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగాను.

తలుచుకుంటే సిగ్గేస్తోంది. కానీ నిజంగానే అలా అడిగాను. ఆదివారమే కదా ఇద్దరం కలిసి శామీర్‌పేటకు మ్యాచ్ చూడటానికి వెళ్లొచ్చాం. సీజన్‌లో ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషి కాదు.

తెలియనివాళ్ల కోసం: స్టెల్లా అక్క యాప్రాల్‌లో మా పక్కింటావిడ. మా కాలనీ ఫుట్‌బాల్ టీమ్‌కి పదేళ్లుగా వీరాభిమాని. ఆదివారం చర్చిలో మొదటి ఆరాధన అవగానే, చేతిలో బైబిల్‌తో నేరుగా గ్రౌండ్‌కి వచ్చేది. తోడు నేను. స్కోర్లు నోట్‌బుక్‌లో రాసేదీ నేనే.

ఈ పదేళ్లలో అక్క ఒక్క గోల్ కూడా చూడలేదు.

బాల్ గోల్ దగ్గరికి వస్తే చాలు, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. అరుపులు ఆగాక ఒక కన్ను తెరిచేది.

"ఏమైందే?"

"పడ్డది అక్కా."

"మనదా, వాళ్లదా?"

"కండ్లు తెరిచి మొక్కితె దేవుడు ఇనడా?" అని ఒకసారి ఏడిపించాను. "గాయనకు ఇనవడతది. నాకే భయం" అంది.

ఈ ఏడాది అక్క గుండె వీక్‌గా ఉందని డాక్టర్ అన్నాడు. ఇంటికి రాగానే అక్క నాతో, "ఈసారి ఒక్క గోలన్న నా కండ్లతోని చూడాలె చెల్లె" అంది.

ఆదివారం గ్రౌండ్ నిండా దుమ్ము. మావాళ్ల పసుపు జెర్సీలు, వాళ్ల నారింజ జెర్సీలు ఒకటే రంగయ్యాయి. అందుకే అక్కకి ఒక గుర్తు చెప్పాను.

"చెరువు దిక్కు గోల్‌ల పడితె మనది. గంతే యాదివెట్టుకో."

హాఫ్‌టైమ్ తర్వాత టీమ్‌లు వైపులు మారతాయని చెప్పడం మర్చిపోయాను.

సెకండాఫ్‌లో చెరువు వైపు గోల్ పడింది. అక్క కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

బైబిల్ చంకలో పెట్టుకుని, చెప్పులు వదిలేసి గంతులేసింది. మా కాలనీవాళ్లంతా తలలు పట్టుకుని కూర్చుంటే, మధ్యలో అక్క ఒక్కతే చప్పట్లు. మా గోల్‌కీపర్ నడుం మీద చేతులు పెట్టుకుని అక్కనే చూస్తూ నిలబడ్డాడు. శామీర్‌పేటవాళ్లు సంతోషంగా సోడా పంపించారు.

ఆ గంతులకి ఆయాసం వచ్చింది. మ్యాచ్ అవకముందే ఆటోలో తీసుకొచ్చేశాను.

"చూసిన చెల్లె. మొత్తం చూసిన. రాసినవా?"

"రాస్తున్న అక్కా."

"నువ్వు రాస్తె పక్కా ఉంటది."

పాల ప్యాకెట్ల లెక్క కూడా కొట్టివేత లేకుండా రాసే మనిషిని. మాకు ఒకటి, వాళ్లకు సున్నా అని రాసి చూపించాను.

నిన్న సాయంత్రం టీమ్ మొత్తం అక్క ఇంటికి వచ్చింది. జోసెఫ్ అన్న కెప్టెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"మొన్న గెలిచిండ్రట గదా బిడ్డా. ఇంటికొచ్చినకాడికెల్లి గదే ముచ్చట."

కెప్టెన్ నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"గెలిచినం అంకుల్" అన్నాడు. వెనక గోల్‌కీపర్ కూడా తలూపాడు.

ఆ పేజీ దిద్దను.

అక్కా, మిగిలిన రెండు మ్యాచ్‌లకీ నేను వెళ్తాను. గోల్ పడితే ఎవరిదో ఎప్పటిలాగే చెప్తాను.

నువ్వు నిమ్మళంగా కళ్లు మూసుకునే ఉండు.