మిల్లు గేటు మాట

సుబేదారిలో మా బిడ్డ పనిచేసే ఆఫీసు కంప్యూటరు మొన్న దాన్ని లోపలికి రానివ్వలేదు. నిన్నటిదాకా నడిచిన పాస్‌వర్డే కొట్టింది, చెల్లదంది. నియమం ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో ఒక్కరూ చెప్పలేదట. బిడ్డ ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నా కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగించింది. మూడువేళ్ల పిడికిలి. మిగతా రెండు వేళ్లు ఎక్కడ పోయాయో ఇప్పుడు నేను చెబుతున్నాను, బిడ్డ రాస్తోంది.

ఎనభైల మొదట్లో నేను, మా వదినె ఎనుమాముల దిక్కు ఒక పత్తి మిల్లులో కూలికి పోయేవాళ్లం. సమ్మె జరిగి, తలలు పగిలి, మిల్లు మళ్లీ తెరిచాక, బయటివాళ్లు చొరబడకుండా గేటుకు ఒక మాట పెట్టారు. ఆ మాట చెబితేనే లోపలికి. సోమవారం పొద్దున మేస్త్రీ చెప్పేవాడు, వారమంతా అదే నడిచేది. వేరే ఏమీ తోచక ఆయన తన ఇంట్లో ఆరోజు వండిన కూర పేరే పెట్టేవాడు, మేము ఆయన పెండ్లాం వంట తలుచుకుని నవ్వుకునేవాళ్లం.

నా వేళ్లు పోయిన వారం మాట బీరకాయ. మధ్యాహ్నం గంట కొట్టి మిషను ఆగగానే, బెల్టు పక్కన స్తంభానికి చీరతో తొట్టెల కట్టి, అప్పటికి ఆరునెలల ఈ బిడ్డనే పడుకోబెట్టి, ఇద్దరం నీళ్లకు బయటికి పోయాం. మళ్లీ గంట కొట్టేలోపు తొట్టెల విప్పాలి, లేకుంటే తిరిగే బెల్టు చీరను లాక్కుంటుంది.

బిందెలతో తిరిగొచ్చి బీరకాయ అన్నాను. వాచ్‌మన్ తప్పన్నాడు. వినబడలేదేమోనని గట్టిగా అరిచాను. తప్పన్నాడు. వదినెకు నవ్వొచ్చింది.

"ఏందన్నా, మేస్త్రీ పెండ్లాం నడిమిట్ల కూర మార్చిందా?"

వాడు లాఠీతో ఆమె నెత్తి పగలగొట్టాడు. అప్పుడే లోపల గంట కొట్టింది.

నీళ్లతో సహా నిండు బిందె ఎత్తి వాడి మణికట్టు మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోసారి మొహం మీద వేశాను. వాడు పడిపోతే జేబులోంచి చీటీ జారింది. నాకు చదువు రాదు. రెండో తరగతి చదివిన వదినె, కంట్లోకి కారే నెత్తురు కొంగుతో తుడుచుకుంటూ, కూడబలుక్కుని చదివింది. గుమ్మడికాయ.

గేటు అవతల ఇంకో వాచ్‌మన్ ఇదంతా చూస్తూ లాఠీ ఎత్తి నిలబడ్డాడు. గుమ్మడికాయ అని అరిచాను. లాఠీ దించి గేటు తీశాడు. మాట సరిపోయింది కదా మరి!

నేను ఉరికేసరికి చీర అంచు బెల్టులో చిక్కి, తొట్టెల పైకి పోతోంది. చెయ్యి పెట్టాను. బిడ్డ బయటికొచ్చింది, రెండు వేళ్లు రాలేదు.

మిల్లు సేటు బావమరిది ఆ పొద్దున్నే, ఇకనుంచి గంటకోసారి మాట మారాలని హుకుం వేశాడట. వాచ్‌మన్లకూ మేస్త్రీకీ చీటీలు పంచాడు. తన గేటు దగ్గర తన మాటే నడుస్తుందని మేస్త్రీ తన చీటీని మాకు చెప్పకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను దవాఖానకు ఎత్తుకుపోయేలోపే వదినె ఆయన జేబు చించి, ఆ చీటీ తీసి నోట్లో కుక్కింది.

"మింగు! గిది గూడ కూరనే!"

ఒక్కరూ అడ్డం రాలేదు.

ఆ వదినె లేదు, నా ఇంటాయనా లేడు, మిల్లూ లేదు. ఇప్పుడు ఎవరి తలా పగలడం లేదు, అది మంచిదే. కానీ చింపడానికి జేబు కూడా లేదు. కోపం రాలేదా అని మొన్న బిడ్డను అడిగాను.

"ఎవల మీద రావాల్నే అమ్మా?" అంది.

హైదరాబాదు పెద్దాఫీసుకు ఫోన్ చేస్తే ఆగమన్నారట. పదివేళ్లూ ఒళ్లో పెట్టుకుని సాయంత్రందాకా అలాగే కూర్చుందట.