శతాధిపతికి చెప్పకుండా

రాష్ట్రం విడిపోయిన ఏడాది జూన్‌లో నాకు స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చి, తిరువూరులోని ఒక ఉన్నత పాఠశాలలో చేరాను. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా విస్సన్నపేట వైపు చిన్న బళ్ళలో అన్ని సబ్జెక్టులూ చెప్పిన దాన్ని. స్కూల్ అసిస్టెంటు అంటే ఒకే సబ్జెక్టు చెప్పాలి. నాది సాంఘిక శాస్త్రం.

ఆరో తరగతి పాఠంలో రోమన్ల ప్రస్తావన రెండు మూడు వాక్యాలే. మన తీరం నుంచి ఓడలు వెళ్ళేవి, అక్కడి నుంచి బంగారు నాణేలు వచ్చేవి, అంతే. వార్షిక ప్రణాళికలో దానికి విడిగా పీరియడ్ లేదు. నేను మూడు పీరియడ్లు తీసుకున్నాను. నాణెం ఇచ్చినవాడు ఏం తినేవాడో, ఎలాంటి ఇంట్లో ఉండేవాడో చెప్పకుండా నాణెం గురించి చెప్పడం నాకు చేతకాదు.

కలిగినవాళ్ళ ఇళ్ళు మన మండువా ఇళ్ళలాగే ఉండేవని, నడిమధ్య పైకప్పు తెరిచి ఉండి వాన నీళ్ళు లోపలి తొట్టిలో పడేవని బోర్డు మీద గీసి చూపించాను. చేపల్ని ఉప్పులో ఊరబెట్టి ఎండలో ఉంచి తీసిన రసాన్ని అన్నిటిలో కలుపుకునేవారంటే పిల్లలు ముక్కులు మూసుకున్నారు. సైన్యం దగ్గరికి వచ్చి, ఎనభై మందో వంద మందో సైనికుల మీద ఉండే అధికారి పేరు రాయబోతుంటే రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

“శతాధిపతి కదండీ టీచర్. మా చర్చిలో చెప్తారు” అంది.

ఆ అమ్మాయి పేరు దీవెన. వినగడప నుంచి వచ్చి ఊళ్ళోని బాలికల హాస్టల్లో ఉండేది. తండ్రి లేడు. తల్లి కూలికి వెళ్ళేది. అంతవరకు క్లాసులో నోరు విప్పని పిల్ల, రోమన్ల పాఠం నడిచినన్నాళ్ళూ చెయ్యెత్తుతూనే ఉంది.

మూడో రోజు ఉత్తరాల గురించి చెప్పాను. బ్రిటన్ ఉత్తరపు సరిహద్దులో, చలిలో, ఇంటికి దూరంగా కాపలా ఉన్న రోమన్ సైనికుల కాలం నాటి ఉత్తరాలు దొరికాయి. పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసినవి, తడి మట్టిలో కప్పబడిపోయి పాడవకుండా మిగిలాయి. ఒక ఉత్తరంలో ఎవరికో మేజోళ్ళు, చెప్పులు, డ్రాయర్లు పంపినట్టు ఉంది. డ్రాయర్లనగానే క్లాసంతా నవ్వింది. దీవెన మాత్రం, ఆ మేజోళ్ళు వాళ్ళమ్మే పంపిందా అని అడిగింది. పంపినవాళ్ళెవరో తెలియదని చెప్పాను.

ఆ రోజుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనంలో ‘లిఖిత అంశాలు’ అని ఐదు మార్కులుండేవి. చూసి రాసింది కాకుండా పిల్లలు సొంతంగా రాయాలి. మీరే ఆ సైనికుడైతే ఇంటికి ఏం రాస్తారో రాయమన్నాను. అది ఫిబ్రవరి నెల. దీవెన రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

“అమ్మా, ఇక్కడ చలి ఎక్కువ. మేజోళ్ళు పంపకపోయినా పర్లేదు. ఆదివారం అందరి అమ్మలూ శిబిరానికి వస్తున్నారు. నువ్వెక్కడున్నావో ఇక్కడ ఎవరికీ తెలీదు. శనివారం శతాధిపతికి చెప్పకుండా వచ్చేస్తాను. తలుపు తీసి ఉంచు.”

నాకు చాలా నచ్చింది. కింద ఎర్ర సిరాతో, ‘అనుమతి లేకుండా శిబిరం విడిచిన సైనికుడికి కఠిన శిక్ష ఉండేది, గమనించగలవు’ అని రాసి, ఐదుకు నాలుగు వేశాను. శుక్రవారం క్లాసులో చదివి వినిపించాను కూడా. సైనికుల దగ్గరికి ఆదివారం అమ్మలు రావడమేంటని పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు సాయంత్రం అయిదున్నరకు హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. హాజరు తీస్తే దీవెన లేదట. బడి నుంచి హాస్టల్‌కే రాలేదట. బళ్ళో ఏమైనా జరిగిందా మేడం అని అడిగింది. మర్నాడు హాస్టల్లో తల్లుల సమావేశం ఉందని ఆమె అనగానే నాకు ఆ ఉత్తరం గుర్తొచ్చింది. పిల్ల సొంత ఊరికే వెళ్ళి ఉంటుందని మాత్రం చెప్పగలిగాను. ఇద్దరం ఆటో మాట్లాడుకుని గంపలగూడెం మీదుగా వినగడప వెళ్ళాం. దారి పొడవునా ఎదురొచ్చిన ప్రతి షేర్ ఆటోలోకీ తొంగి చూస్తూనే ఉన్నాను.

చీకటి పడేవేళకు చేరాం. తాళం వేసిన ఇంటి ముందు, అరుగు మీద, ఒళ్ళో పుస్తకాల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పక్కింటి ముసలామె పెట్టిన అన్నం ముట్టుకోకుండా పక్కనే ఉంది. నేను వెళ్ళి ఆ అరుగు మీదే కూర్చున్నాను.

“చెప్పి రావచ్చు కదమ్మా” అన్నాను.

“చెప్పాను కదండీ టీచర్. మీరు చదివారు కూడా” అంది.

తప్పుపట్టినట్టు అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

తల్లి సంక్రాంతి వెళ్ళాక కూలీల ముఠాతో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్ళిందని, తల్లికి ఫోను లేదని ముసలామె చెప్పింది. ముసలామె దగ్గర ముఠా మేస్త్రీ నంబరు ఉంది. వార్డెన్ కలిపి ఇచ్చింది. అవతల తల్లి ఏమందో నాకు వినపడలేదు. దీవెన మాత్రం “ఊఁ” అంటూ చాలాసేపు విని, చివరికి “తాళం వేసుందమ్మా” అని ఒక్క మాట అంది. ఫోను తిరిగి ఇచ్చాక అన్నం తింది.

సోమవారం ఆ కాగితం తీసుకెళ్ళి హెడ్మాస్టరు గారికి నేనే చూపించాను. ఆయన రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు మేస్త్రీ ఫోను నుంచి నా ఫోనుకు కాల్ వచ్చేది. ఆ వేళకు నేను హాస్టల్ వరండాలో ఉండేదాన్ని. వేసవి సెలవుల దాకా ఒక్క వారం తప్పలేదు. కోతలు అయిపోయినా తల్లి తిరిగి రాలేదు. ఆమెకు అక్కడే మిరప గోడౌనులో ఏడాది పొడవునా పని దొరికింది. జూన్‌లో ఆమె వచ్చి దీవెనకు టీసీ ఇమ్మంది. హాస్టల్లో ఉంచితే పదో తరగతి దాకా నేను చూసుకుంటానని చెప్పి చూశాను.

“మీరు చూసుకుంటారండీ, నాకు తెలుసు. కానీ నేనుండలేకపోతన్నాను టీచరు గారూ” అంది.

టీసీ నింపి, ప్రవర్తన అన్న గడిలో ‘చాలా మంచిది’ అని రాసి హెడ్మాస్టరు గారి సంతకం తెచ్చి ఇచ్చాను. వెళ్ళబోతూ దీవెన ఆ ఉత్తరం ఇమ్మంది. అమ్మకు ఇంకా చూపించలేదంది. విద్యా సంవత్సరం ముగిసింది కనుక ఇవ్వడానికి నిబంధన అడ్డు లేదు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. నా ఎర్ర సిరా రాత దాని మీదే ఉంది. దాన్ని చెరిపే వీల్లేదు.

తర్వాత వాళ్ళ కబురు తెలియలేదు. మేస్త్రీ నంబరు ఆ ఏడే పనిచేయడం మానేసింది. రిటైరయ్యాక నాకు ఆదివారాలకూ మిగతా రోజులకూ తేడా లేదు. అయినా ఆదివారం పది గంటలప్పుడు ఫోను దగ్గర్లో ఉండేట్టు చూసుకుంటాను.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒక పని పద్ధతి. పిల్లలు రాసింది మొదటిసారి చేతిలో కలం లేకుండా చదవాలి. దిద్దడం, మార్కులు వేయడం రెండోసారి చదివేటప్పుడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అలాగే చేశాను. కాగితాలు దిద్దడానికి రెట్టింపు సమయం పట్టేది. ఆ సమయం కూడా పాఠం చెప్పడంలో భాగమేనని కొత్తగా చేరిన టీచర్లకు చెబుతూ వచ్చాను.