వానల్లో చూడాల్సిన ఊరు

మొన్న శ్రావణంలో మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఏలూరులో చూడదగినవి ఏమున్నాయని ఇంటర్నెట్‌లో వెతికితే అంతా కలిపి అరపూట పని తేలిందనీ, తను వచ్చే శని ఆదివారాల్లో మిగతా సమయం ఎలా గడపాలో నేనే చెప్పాలనీ అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయినప్పటి నుంచీ నేను మసలుతున్న ఊరిని ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అరపూటకు కుదించి పారేస్తే మండదా, మీరే చెప్పండి. కానీ అది కోపం చూపించే సమయం కాదు. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదువులు చెప్పేచోట దానికి లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, పూణేలో ఇంకొకటి చేతిలో ఉంది, ఏదో ఒకటి సోమవారానికల్లా తేల్చి చెప్పాలి. ఇక్కడ చేరితే ఏలూరులో మా ఇంట్లో ఉండి రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు. ఊరు చూశాక నిర్ణయించుకుంటానంది. అది ఇక్కడికి రావాలని నేనెంత ఆశ పడుతున్నానో మావారికి తెలుసు గనక, పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

నా బెంగంతా వానల గురించే. కార్తీకం దాటాక అయితే కొల్లేటికి పక్షులొస్తాయి, ఎండ కూడా హాయిగా ఉంటుంది, ఊరు కాస్త తల దువ్వుకున్నట్టు కనిపిస్తుంది. ఈ బురదలో, ఈ ముసురులో వచ్చి చూస్తే ఏ పిల్ల మాత్రం ఉంటానంటుంది? ఇలా గొణుక్కుంటూ అటక మీద గొడుగుల కోసం వెతుకుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. దొరికిన గొడుగు చేతిలో పట్టుకుని అక్కడే పీట మీద చతికిలబడ్డాను.

మా అత్తగారి పుట్టినూరు కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన కాస్త మిట్ట మీద ఇళ్ళు. ఆ వైపు పిల్లనిచ్చేవాళ్ళు ఎండల్లో సంబంధం చూడటానికి వెళ్ళరట. ఎండాకాలంలో ప్రతి ఇల్లూ పొడిగా, ముచ్చటగానే ఉంటుంది. నీళ్ళు పొంగినప్పుడు వెళ్ళి, అవి ఏ మెట్టు దాకా ఎక్కుతున్నాయో, పొయ్యి ఎక్కడికి జరుపుకుంటున్నారో కళ్ళారా చూసుకుని అప్పుడు మాటిస్తారట. ఆవిడ ఏలూరు కోడలై వచ్చి ఎన్నేళ్ళయినా ఆ పద్ధతి వదిలిపెట్టలేదు. నాకు ఈ సంబంధం వచ్చేనాటికి నేను ఉంగుటూరులో మిషన్ బడిలో కొత్తగా చేరిన పంతులమ్మని. మా నాన్నగారూ మాస్టారే, తాడేపల్లిగూడెం దగ్గర కాస్త వరిచేను ఉన్న మనిషి. పెళ్ళిచూపుల్లో కాఫీలయ్యాక, పెళ్ళి ఏ నెలలోననే మాట వస్తుందనుకుంటే, ఆవిడ నావైపు తిరిగి అన్నారు.

"మా అబ్బాయిని అరగంటలో చూసేశావు కదమ్మా. వానలు పడ్డాక వచ్చి రెండ్రోజులుండి ఊరు చూసుకో. నచ్చితేనే చెప్పు."

నిజం చెప్పాలంటే నాకు ఏలూరంటే అప్పట్లో గుండెల్లో బెదురు. పచ్చటి చేల మధ్య పెరిగినదాన్ని, ఆ ఇరుకు సందులూ, జూట్ మిల్లు కూతా, కాలువ పక్కన వాసనా నావల్ల కాదని లోలోపల ఎప్పుడో తీర్మానించుకున్నాను. మర్యాద కోసం వెళ్ళి వచ్చి, వద్దని చెప్పించెయ్యాలనుకుని నాన్నగారితో ప్యాసింజరు ఎక్కాను. ఉంగుటూరు, భీమడోలు, అన్ని స్టేషన్లలోనూ చిన్న జల్లు, ఏలూరులో దిగేసరికి కుంభవృష్టి. ఆవిడ గొడుగేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. రిక్షా ఎక్కితే ఊరు తెలియదని చెప్పి, మమ్మల్ని మోకాలి దాకా తడిపి నడిపించారు. పెళ్ళికొడుకు సంచీ మోస్తూ వెనకాల వచ్చాడు. ఆ రెండు రోజుల్లో ఆయన నాతో పలికిందల్లా, అక్కడ జారుతుంది జాగ్రత్తండీ అన్న ఒక్కమాట.

ఆవిడ చూపించిన ఊరు ఎలాంటిదనుకున్నారు! తివాచీలు నేసే ఓ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోబెట్టారు, అక్కడ ఉన్ని నూగు ముక్కులోకి పోయి నాకు ఒకటే తుమ్ములు. ఏ దుకాణంలో కందిపప్పు బాగుంటుందో, ఏ సందు వానకు మునుగుతుందో, మునిగినప్పుడు ఎటు చుట్టు తిరగాలో చెప్పారు. ఆ తర్వాత కాలువ గట్టున పాతబడిన నాలుగు మెట్ల దగ్గర ఆగి, ఇక్కడే పడవలు ఆగేవమ్మా, నేను పెళ్ళయి లంక నుంచి వచ్చి దిగింది ఈ మెట్టు మీదే అన్నారు. నేను తొంగి చూశాను. ఎర్రటి నీళ్ళు, గుర్రపుడెక్క, ఒక గేదె. ఏమీ లేనిచోట చెయ్యి చాపి ఇంత సంబరంగా చూపిస్తుందేమిటి ఈవిడ అని మనసులో నవ్వుకున్నాను కూడా.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక కొల్లేటికి తీసుకెళ్ళారు. తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలు రెండు కలిపి కడితే జంట దోనె అంటారు, దాని మీద వాళ్ళ లంకకు చేరాం. నేనూ నాన్నగారూ బిగుసుకుపోయి కూర్చున్నాం. దిగాక నాన్నగారికి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా కంటికి ఆనినంత మేరా పచ్చగా ఉంటే, ఆహా ఎంత ఏపుగా ఉంది చేను అనుకుంటూ, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ గట్లమీద నడిచిన ధీమాతో అందులోకి అడుగేశారు. అది చేను కాదు, నీళ్ళమీద పరుచుకున్న నాచూ, తూడూ. ఇస్త్రీ పంచెతో సహా నడుం దాకా దిగిపోయారు. వరిసీమ మనిషి తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యరు. ఒడ్డున పిల్లలు పకపకా నవ్వారు. మా అత్తగారు మాత్రం నవ్వకుండా చెయ్యందించి పైకి లాగి, తువ్వాలిస్తూ అన్నారు.

"మావన్నీ నీళ్ళేనండీ మాస్టారూ. పైకి పచ్చగా ఉందని చెప్పి పిల్లని తెచ్చుకోవడం నాకిష్టం లేదండి. ఇదంతా చూశాకే ఇవ్వండి."

తిరుగు రైల్లో నాన్నగారు తడి పంచె ఆరబెట్టుకుంటూ, నీ ఇష్టం అమ్మా అన్నారు. నేను సరేనన్నాను. ఊరు నచ్చి కాదు. ఊళ్ళో ఉన్న బురద అంతా ముందే చూపించిన మనిషి దగ్గర బతకడం తేలికని ఎందుకో గట్టిగా అనిపించింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా నమ్మకం వమ్ము కాలేదు.

ఇదంతా తలుచుకుని, మా తమ్ముడి కూతురికీ అలాగే చూపించాలని బయల్దేరదీశాను. కానీ నేను చేసిందేమిటో వినండి. అదిగో అక్కడ తివాచీలు నేసేవారు అన్నాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఇదిగో ఈ మెట్ల దగ్గర పడవలు ఆగేవి, మా అత్తగారు పెళ్ళయి వచ్చి దిగింది ఇక్కడే అన్నాను. రెండు మెట్లు పూడికలో కలిసిపోయాయి. ఆదివారం కారులో కొల్లేటికి వెళ్తే, నాన్నగారు దిగబడిన చోటు చేపల చెరువుల గట్లలో ఎటు పోయిందో నాకే అంతు చిక్కలేదు. పోనీ పక్షులైనా చూపిద్దామని ఆటపాక వెళ్తే, గూడబాతులు ఇంకా రాలేదమ్మా, చలికాలంలో ఇక్కడంతా అవే ఉంటాయని ఖాళీ కొమ్మల కేసి చెయ్యి చాపాను. పాపం అది ఎంతో ఓర్పుగా విని, చివరికి నా భుజం మీద చెయ్యేసి అంది.

"ఉండేవీ, ఉండబోయేవీ అన్నీ చూశాను అత్తయ్యా. ఇప్పుడు ఉన్నదొకటి చూపించండి."

నాకు సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంక ఇది పూణే వెళ్ళిపోతుందని ఖాయం చేసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కాలువ వంతెన దగ్గర వాన దంచి కొడితే, కారు ఆపి, మిరపకాయ బజ్జీలు వేసే బండి దగ్గర టార్పాలిన్ కింద నిలబడ్డాం. అదే, మా అత్తగారి మెట్లకు ఎదురుగా. బజ్జీలు వేసే ఆవిడ పొట్లం అందిస్తూ, కొత్తగా కనిపిస్తున్నారు, ఏ ఊరండీ మీది అని మా పిల్లనడిగింది. అది ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ కాలువ వంక కాసేపు చూసి, ఇంక ఈ ఊరేనండీ అంది. నా చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న రైలుకు గూడెం వెళ్తుంది, సాయంత్రం వస్తుంది. నేనెరగని ఊరేదో దానికి తెలిసింది. బైపాస్ దగ్గర టిఫిన్లు ఎక్కడ బాగుంటాయో అదే నాకు చెబుతుంది, కొత్త కాలనీల్లో నేను దారి తప్పితే ఫోన్లో దారి చెప్పి ఇంటికి చేరుస్తుంది. మా రోజుల్లో ఊరు తెలియడమంటే మనుషుల వెంట తడుస్తూ నడవడం. ఇప్పుడు అంత నడిచేవాళ్ళు లేరు, నడిపించేవాళ్ళూ లేరు. ఆ మిల్లు కూత లేదు, ఆ ఉన్ని నూగు లేదు, తాటి దోనెలు కనిపించడమే అరుదైంది. ఇవన్నీ నాతోనే సరి అని కొన్ని రాత్రులు దిగులుగా ఉండేది.

క్రిస్మస్ దాటాక ఓ ఆదివారం సాయంత్రం, ఎక్కడో దూరపు ఊరి నుంచి వచ్చి దానితో పాటు పనిలో కొత్తగా చేరిన అమ్మాయి మా ఇంటికి వస్తే, మా పిల్ల ఊరు చూపిస్తానని బయటకు తీసుకెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో నేనూ వాళ్ళ వెనకాలే నడిచాను. కాలువ గట్టున మా పిల్ల ఆగి, చెయ్యి చాపింది.

"ఇక్కడ పడవలు ఆగేవండీ. మా అత్తయ్యగారి అత్తగారు పెళ్ళయి లంక నుంచి వచ్చి దిగింది ఈ మెట్టు మీదే."

ఆ పడవల్ని అది చూడలేదు. నేనూ చూడలేదు. చూసినావిడ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ కొత్తమ్మాయి మెట్ల కేసి వంగి తొంగి చూసింది. ఎర్రటి నీళ్ళు, గుర్రపుడెక్క. నేనూ పక్కకు వెళ్ళి నిలబడి చూశాను.